సేపు, సేప, షేపు

ఎనభైల మొదట్లోని నా డైరీలు తిరగేస్తే ప్రతి సోమవారం పేజీ పైన ఒంటరిగా ఒక మాట కనిపిస్తుంది. ఒక వారం "నీడ", ఇంకో వారం "తడి". ఒకచోట "ఎవరిదో ఒకరి వీపు" అని ఉంది. ఈమధ్య మా మనవరాలు చూసి, ఇవేమైనా రహస్య సంకేతాలా తాతయ్యా అని అడిగింది. కాదు. అవి మా ఫొటోల పోటీకి వారం వారం పెట్టుకున్న అంశాలు.

మేం ముగ్గురం. నేను పోర్టు ఆఫీసులో గుమస్తాని, కాపురం వన్ టౌన్‌లో. రెండో ఆయన మల్కాపురంలో ఉండేవాడు, ఫిట్టరు. మూడో ఆయన మద్దిలపాలెం బస్సు డిపోలో ఉద్యోగి. మాకు చుట్టరికం ఏమీ లేకపోయినా, మా వైపు అలవాటు ప్రకారం ఒకరికొకరం బావలమే. కాబట్టి వాళ్ళని మల్కాపురం బావ, డిపో బావ అనే రాస్తాను. డైరీలోనూ అలాగే ఉంది.

ముగ్గురికీ కలిపి కెమెరా ఒకటే. మల్కాపురం బావది, డబ్బా కెమెరా. రీలుకి పన్నెండు ఫొటోలు. మనిషికి వారానికి ఒక్క ఫొటో అనుకున్నాం కాబట్టి రీలు నాలుగు వారాలు వచ్చేది. అంటే పోటీ వారం వారం జరిగేది, ఫలితం మాత్రం నెలకోసారి తెలిసేది. ఫొటోలు కడిగి వచ్చేసరికి ఏది దేనికోసం తీశామో మాకే గుర్తుండేది కాదు. అప్పుడు నా డైరీ తెప్పించేవాళ్ళు. మా వీధి మలుపులో ఫొటో స్టూడియో నడిపే భాయ్ న్యాయనిర్ణేత. పెద్దమనిషి, తక్కువ మాట్లాడేవాడు.

నియమాలు నేనే పెట్టాను. అంశం వంతుల వారీగా ఒకరు చెప్పాలి. ఎవరు ఏం తీస్తున్నారో మిగతావాళ్ళకి చెప్పకూడదు. ఇక రీలు తిప్పడం. మొదటి నెలలో, తీసినవాడు ఒకసారి తిప్పి ఇస్తే, పుచ్చుకున్నవాడు జాగ్రత్త కోసం మళ్ళీ తిప్పాడు. మధ్యలో ఒక ఫొటో ఖాళీగా పోయింది. అందుకని, తీసినవాడే తిప్పాలి, పుచ్చుకున్నవాడు రీలు తిప్పే మర మీద చెయ్యి వెయ్యకూడదు అని గట్టిగా పెట్టాను.

"ఏటి బావా, కెమెరాకి కూడా ఆఫీసు రూల్సేనా?" అన్నాడు మల్కాపురం బావ.

"రూలు లేకపోతే రీలు ఉండదు," అన్నాను.

ఇన్ని నియమాలు పెట్టినవాణ్ణి, ఒక్కసారీ గెలవలేదు. మా ఆవిడకి ఈ సంగతి తెలుసు. ఆదివారాలు నేను కెమెరా పట్టుకుని తిరుగుతుంటే, ఆవిడ సంచులు పట్టుకుని టోకు దుకాణాల సందుల్లోకి వెళ్ళి నెల సరుకులు మోసుకొచ్చేది. ఆ దారిలోనే భాయ్ స్టూడియో. ఆ అద్దాల బీరువాలో పెళ్ళికూతుళ్ళూ, బోర్లా పడ్డ పిల్లలూ ఉండేవారు. వానలు తగ్గాక బీరువాలో ఫొటోలు మారుస్తాననీ, మా రీల్లో బాగున్నదొకటి పెద్దది చేసి పెడతాననీ భాయ్ అన్నాడు. నేను సంబరంగా ఇంట్లో చెప్పాను.

ఆవిడ బియ్యం ఏరుతూనే అంది. "మంచిదే. అందులో మీ ఫొటో ఉంటే ఆదివారాలు మీవి. లేపోతే ఆదివారాలు సరుకులవి. సంచులు మీరే మొయ్యాలి."

నా ఆదివారాలన్నీ ఆ రీలు మీద ఆధారపడ్డాయి. మూడు వారాలు అయిపోయాయి, తీసినవాటి మీద నాకే నమ్మకం లేదు. మిగిలింది ఆఖరి వారం.

ఆ వారం అంశం చెప్పే వంతు మల్కాపురం బావది. అప్పటికే తన ఫొటో తీసేసి, బస్టాపులో నా ఎదుటే డిపో బావ చేతిలో కెమెరా పెట్టి, కదులుతున్న బస్సు ఎక్కేశాడు. అంశం చెప్పడం మర్చిపోయాడని గుర్తొచ్చి, ఫుట్‌బోర్డు మీంచి వెనక్కి తిరిగి అరిచాడు.

"ఈ వారం సేపు, బావా. సేపు."

బస్సు వెళ్ళిపోయింది. డిపో బావ నవ్వుకున్నాడు. నేను ఇంటికొచ్చి డైరీలో "సేపు" అని రాసి, దాని ముందు చాలాసేపు కూర్చున్నాను. ఎంత లోతైన అంశం అనుకున్నాను. కాసేపు, ఎంతసేపు, ఇంతసేపు. కాలాన్ని ఫొటో తియ్యమంటున్నాడు. ఫిట్టరు పని చేసే మనిషిలో ఇంత తాత్త్వికత ఉందని ఇన్నాళ్ళూ గుర్తించనందుకు నొచ్చుకున్నాను కూడా.

కాలం ఎక్కడ కనపడుతుందా అని ఆలోచించి, మద్దిలపాలెం బస్టాపుకి వెళ్ళాను. డిపో బావ కెమెరా తెచ్చి ఇచ్చాడు. దాని నుంచి అదో రకం నీచు వాసన వస్తోంది. అడగడం నియమానికి విరుద్ధం కాబట్టి అడగలేదు. మర మీద చెయ్యి కూడా వెయ్యలేదు. రోడ్డుకి ఇవతల నిలబడి చూస్తే, అవతల జనం బస్సు కోసం ఎదురు చూస్తున్నారు. వెనకాల మబ్బు నీడ పడి నల్లగా కొండ. అందరి మెడలూ ఒకేవైపు తిరిగి ఉన్నాయి. ఒకావిడ చంకలో బిడ్డ కూడా అటే చూస్తోంది. నొక్కాను. ఈసారి గెలిచానని అక్కడే అనిపించింది.

రీలు కడిగాక ముగ్గురం స్టూడియోకి వెళ్ళాం. భాయ్ ఫొటోలు బల్ల మీద పరిచి, "పదకొండే ఉన్నాయి. ఆఖరుది ఖాళీ," అన్నాడు. ఆఖరుది నాదే.

భాయ్ మొదట మల్కాపురం బావ ఫొటో చూశాడు. ఎండబెట్టిన అప్పడాలు, వాటి మధ్య అంతకంటే పెద్దగా, గుండ్రంగా, బావ బొటనవేలు.

"ఇదేంటి?"

"సేపు, భాయ్. ఇంగ్లీషు సేపు. రౌండు సేపు, కోలగా ఉన్న సేపు, అలాగ."

అప్పుడు అర్థమైంది నాకు. షేపు. మనిషికి ష పలకదు. డిపో బావ తెల్లబోయి చూస్తున్నాడు.

"సేప అన్నావనుకున్నాను కదా బావా. తెల్లారకుండా హార్బరుకి పోయి తీశాను. ఇంత వంజరం."

"సేప అయితే సేప అంటాను గాని సేపు అంటానేటి? నీ సెవుల్లో ఏటెట్టుకున్నావు?"

"మరి నీకేం వినపడింది?" అని భాయ్ నన్నడిగాడు. చెప్పాను. కాలం, నిరీక్షణ అంటూ కొంత వివరించాను. ముగ్గురూ నన్ను జాలిగా చూశారు.

"ఇంతకీ నా సేప ఏదీ?" అన్నాడు డిపో బావ.

భాయ్ పదకొండో ఫొటోని మా ముందుకి తోశాడు. అందులో నా బస్టాపు ఉంది. నా జనం ఉన్నారు. వాళ్ళందరూ మెడలు చాచి చూస్తున్న వైపు నుంచి, నల్లటి కొండ మీదుగా, బస్సంత పొడుగు వంజరం నోరు తెరుచుకుని వస్తోంది. చంకలో బిడ్డ సరిగ్గా దాని కళ్ళలోకి చూస్తోంది.

డిపో బావ గొంతు తగ్గించాడు. "సేతులు నీచుగా ఉన్నాయని మర ముట్టుకోలేదు బావా. నువ్వు తిప్పుకుంటావు అనుకున్నాను."

"పుచ్చుకున్నవాడు చెయ్యి వెయ్యకూడదు కదా," అన్నాను. రీలు తిరగక, రెండు ఫొటోలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

భాయ్ నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది. "నలభై ఏళ్ళ షాపు నాది. బీరువాలో ఇదే పెడతా," అన్నాడు.

వెంటనే తగువు మొదలైంది. సేప లేకపోతే దాన్ని చూసేదెవరని డిపో బావ. జనం లేకపోతే అది సంతలో సేపే కదా అని నేను. ఆ రెంటికీ మంచి సేపు వచ్చిందంటే అంశం చెప్పినవాడి గొప్పేనని మల్కాపురం బావ. భాయ్ ఎవరి పేరూ రాయకుండా పెద్దది చేసి పెట్టేశాడు. పెళ్ళికూతుళ్ళ కోసం ఆగే జనం చేప దగ్గర ఆగడం మొదలెట్టారు.

ఆదివారం మా ఆవిణ్ణి తీసుకెళ్ళి చూపించాను. రెండు చేతుల్లో ఖాళీ సంచులు పట్టుకుని అద్దం ముందు నిలబడి, తొందరపడకుండా చూసింది.

"సేప ఎవులు తీసారు?"

"డిపో బావ."

"మరి మీదేటి?"

"ఎదురుచూస్తున్నవాళ్ళు నావాళ్ళు."

ఇంకాసేపు చూసింది. బిడ్డ దగ్గర కొంచెం నవ్వినట్టే ఉంది. తర్వాత ఒక సంచి నా చేతికి ఇచ్చింది.

"సగం మీదే గదా," అంది, "ఒక సంచి మొయ్యండి. మధ్యాన్నం నుంచి మీ ఇష్టం."

ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దుట మెడలో కెమెరా, చేతిలో కందిపప్పుతో సందుల్లో తిరిగాను. రెండో సంచి ఆవిడే మోసింది. దార్లో స్టూడియో దగ్గర ఇద్దరం ఒక్క క్షణం ఆగేవాళ్ళం, సంచి చెయ్యి మార్చుకోడానికి.