లింబాయత్ రాజా సంసారం

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చే నాటికి నేను సూరత్‌లో ఒక ధర్మసంస్థ నడిపే పశువుల ఆసుపత్రిలో సీనియర్ సర్జన్‌ని. పక్షుల విభాగం నా బాధ్యత. ఉద్యోగ విరమణకు ఇంకా ఏడాది పైచిలుకు ఉంది. సీనియర్ సర్జన్ అంటే పెద్ద హోదాలా వినిపిస్తుంది గాని, మా ఆసుపత్రిలో దాని అర్థం వేరు. ఆవులను, కుక్కలను చిన్న డాక్టర్లు పంచుకునేవారు. చేత్తో పట్టుకుంటే ఎక్కడ ఊపిరి ఆగిపోతుందోనని భయపెట్టే ప్రాణులన్నీ నా బల్ల మీదికి వచ్చేవి. ఏటా ఉత్తరాయణం పండక్కి ఎగరేసే గాలిపటాల గాజుదారానికి రెక్కలు తెగిన కొంగలను, పావురాలను కుట్టీ కుట్టీ నాకు ఆ పని అలవాటైంది.

లాక్‌డౌన్‌లో పశువైద్యులకు తిరగడానికి పాసు ఇచ్చారు గాని, ఆసుపత్రిలో సిబ్బంది సగమే. అందుకని చాలా కేసులు వీడియో కాల్‌లోనే చూసేవాళ్లం. తెలుగు వచ్చిన డాక్టరునని, సూరత్‌లో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే లింబాయత్ పేటలోని మగ్గాల వాళ్లందరి దగ్గరా నా నంబరు ఉండేది. మల్లేశం కూడా అలాగే ఫోన్ చేశాడు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన కుటుంబం. అతను పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు రిపేరు చేసే జాబర్. మగ్గాలు ఆగిపోయి చేతికి పని లేకపోవడంతో, అతని శ్రద్ధంతా ఇంట్లో ఉన్న రెండు కాకటీల్ పక్షుల మీదికి మళ్లింది. కాకటీల్ అంటే తల మీద కుచ్చు ఉండే చిన్న చిలుక. బయటి దేశపు జాతి. మన పచ్చ రామచిలుకను పంజరంలో పెట్టడం నేరం గాని, దీన్ని పెంచుకోవచ్చు.

"డాక్టరమ్మా, రాణి గుడ్లయితె పెడుతది గని ఒక్కటన్న పిల్లయితలేదు," అన్నాడు మల్లేశం. "మా రాజా మంచిగనే ఉన్నడు. పొద్దందాక ఈలేస్తనే ఉంటడు. రాణిలనే ఏదో ఖరాబున్నది."

వెనక నుంచి అతని తల్లి లచ్చవ్వ గొంతు వినిపించింది. "గొడ్డుదాన్ని ఎందుకు మేపుడు? ఇడిసిపెట్టుండ్రి. రాజాకు ఇంకోదాన్ని తెద్దాం."

పంజరంలో పుట్టిన కాకటీల్‌ను బయట వదిలితే సాయంత్రం దాకా కూడా బతకదు, కాకులు చంపేస్తాయి. ఆ మాట చెప్పి, ఫోను పంజరం దగ్గర పెట్టమన్నాను. గూటి పెట్టెలో గుడ్లు చాలా ఉన్నాయి, ఒక ఆడపక్షి పెట్టే వాటికి దాదాపు రెట్టింపు. అప్పుడే చక్కటి ఈల వినిపించింది, ఎక్కీ దిగీ, చివర విరుపుతో. "విన్నరా, రాజా," అన్నాడు మల్లేశం గర్వంగా.

ఆ సమయంలో రాజా నోటినిండా కొర్రలు నములుతున్నాడు.

కాకటీల్స్‌లో ఈల వేసేది సాధారణంగా మగదే. ఆడది కీచుమంటుంది, అంతే. మల్లేశం పక్షుల్లాంటి బూడిదరంగు జాతిలో మగదాని ముఖం పెద్దయ్యాక పసుపుపచ్చగా మెరుస్తుంది, తోక అడుగుభాగం నల్లబడుతుంది. ఆడదానికి ముఖం మందంగా, తోక అడుగున పచ్చటి అడ్డచారలు ఉంటాయి. చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి అమ్మేవాడు 'తర్వాత రంగు వస్తుంది' అని చెప్పి ఏ పిల్లనైనా మగదని అంటగట్టగలడు. కెమెరాలో రాజా తోక కనిపించినంత మేరకు చారలే ఉన్నాయి. మగది లేని చోట రెండు ఆడపక్షులు జతకట్టి, రెండూ గుడ్లు పెట్టి, రెండూ పొదుగుతూ కూర్చోవడం మాకు కొత్త కాదు. ఆ గుడ్లలో జీవం ఉండదు. కాని వీడియోలో చూసి లింగం చెప్పకూడదని మా నియమం. ఈల ఎవరిదన్నది కూడా తేలలేదు. వచ్చి చూస్తానన్నాను.

వెళ్లడానికి కారణం ఆ వారంలోనే దొరికింది. తాపీ నది అవతల ఉండే హస్ముఖ్‌భాయ్ అనే బట్టల వ్యాపార దళారి నాకు చాలాకాలంగా తెలుసు. చిలుకలు పెంచడంలో చేయి తిరిగినవాడు. ఆయననూ భార్యనూ కరోనాతో ఆసుపత్రిలో చేర్చారు. పక్కింటివాళ్లు ఆయన పసుపురంగు కాకటీల్ జతను గూటి పెట్టెతో సహా మా దగ్గర దించారు. ప్రయాణంలో బెదిరిన పక్షులు మళ్లీ గూట్లోకి వెళ్లనే లేదు. గుడ్లను టార్చి ముందు పెట్టి చూశాను. నాలుగింటిలో ఎర్రటి సన్నని నరాలు కనిపించాయి. అంటే లోపల పిల్లలు ఉన్నాయి.

మాకు ఇంక్యుబేటర్ ఉంది. గుడ్డును అది పొదుగుతుంది. కాని పొదిగాక పుట్టిన పిల్లకు రాత్రీ పగలూ రెండేసి గంటలకోసారి మేత పెట్టాలి. ఉన్న సగం సిబ్బందితో అది కాని పని. పెంపుడు తల్లి దొరికితే తప్ప ఆ నాలుగూ దక్కవు. అప్పుడు నాకు లింబాయత్ గుర్తొచ్చింది. అక్కడ ఒకరు కాదు, ఇద్దరు తల్లులు ఖాళీగా కూర్చుని ఉన్నారు. హస్ముఖ్‌భాయ్‌కి ఫోన్ చేస్తే, ముందు బతికించండి, మిగతాది తర్వాత చూద్దామని ఆయాసపడుతూ హిందీలో చెప్పాడు.

వేడినీళ్ల సీసా పక్కన దూదిలో గుడ్లు సర్దుకుని ఆసుపత్రి వ్యానులో వెళ్లాను. మల్లేశం ఇల్లంటే ఒక గది, వంటిల్లు. గుడ్లు పరాయివని, బతికిన పిల్లల మీద హక్కు అసలు యజమానిదేనని మల్లేశానికి ముందే చెప్పాను. "పానం నిలబడితె సాలు," అన్నాడు. చేతులు కడుక్కుని, వేడిచేసుకుని, జీవం లేని గుడ్లు తీసి వీటిని పెట్టాను. తర్వాత రాజాను పట్టుకున్నాను. పక్షికి ఊపిరాడాలంటే ఛాతీ కదలాలి. అందుకని మెడను రెండు వేళ్ల మధ్య ఆపి, ఛాతీ మీద ఒత్తిడి పడకుండా పట్టుకోవాలి. తోక విప్పి చూశాను. అడుగున నిండా పచ్చటి చారలు. రాజా మహారాణి అని తేలిపోయింది.

చెప్పబోయేంతలో మల్లేశం భార్య సుజాత చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోస్తానని నన్ను వంటింట్లోకి పిలిచింది.

"మేడం, రాజా ఆడిదే కదా," అంది చెంబు వంచుతూ, చాలా మెల్లగా.

"ఈల నీదా?"

తల ఊపింది. ఆమె సూరత్‌లోనే పుట్టింది. తండ్రి కార్ఖానాలో మగ్గాలు నడుస్తుంటే మాట వినిపించదు కాబట్టి ఈ చివరి వాళ్లు ఆ చివరి వాళ్లను ఈలేసి పిలిచేవారు. చిన్నప్పుడే వచ్చిన అలవాటు. పెళ్లయిన కొత్తలో లచ్చవ్వ ఒకసారి విని, ఇంట్లో ఆడది ఈలేస్తే లక్ష్మి వెళ్లిపోతుందని గట్టిగా మందలించింది. "నోరు ఊకుంటలేదు మేడం. పిట్టలు వచ్చినంక జర ఆసరైంది. రాజా మీద పెట్టిన. మీరు గిట్ల చెప్పిండ్రనుకో, మరి ఈలెవలిదని అడుగుతరు."

నేను ఆలోచించాను. డాక్టరు అబద్ధం చెప్పకూడదు. అయితే అడగని ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలని కూడా ఎక్కడా లేదు. రాజా మగదా అని మల్లేశం నన్ను ఇంతవరకూ అడగలేదు, తనే నాకు చెప్పాడు. సూటిగా అడిగిన రోజు సూటిగా చెబుతానని, అప్పటిదాకా నోరు మెదపనని సుజాతకు మాటిచ్చాను.

రాజా, రాణి ఆ గుడ్లను తమవే అన్నట్టు పొదిగాయి. కాకటీల్స్‌లో మగది కూడా వంతు పంచుకుంటుంది కాబట్టి మల్లేశానికి అనుమానం రాలేదు సరికదా, వాడకట్టు మగవాళ్లకు ఫోన్లు చేసి "మా రాజాను చూసి నేర్చుకోండ్రి, గుడ్ల మీద కూసుండు" అని చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగు పిల్లలూ బయటికి వచ్చాయి. మూసుకున్న రెప్పల వెనక కళ్లు ఎర్రగా కనిపించేవి. పసుపు జాతికి అదే గుర్తు. లచ్చవ్వ మాత్రం "గొడ్డుది సాకుతదా" అంటూ రాణిని రోజూ గూటి కన్నంలోంచి తొంగి చూసేది.

కాకటీల్ పిల్లలన్నీ ఒకేరోజు పుట్టవు, రోజు విడిచి రోజు పుడతాయి. చివరిది ఎప్పుడూ వెనకబడుతుంది. ముందు పుట్టినవి మెడలు చాచి మేతంతా లాగేసుకుంటాయి. ఇక్కడా అదే జరిగింది. పిల్ల మెడ కింద మేత నిలవ ఉండే సంచి ఒకటి ఉంటుంది. నాలుగోదానికి అది ఖాళీగా వేలాడుతోంది. దాన్ని చేత్తో మేపాలని నిర్ణయించి, పిల్లల మేతపొడి డబ్బా పంపాను. పొడిని గోరువెచ్చటి నీళ్లలో మజ్జిగలా కలపాలి. మణికట్టు మీద చుక్క వేసుకుంటే వెచ్చగా తెలియాలి, కాలకూడదు. వేడెక్కువైతే సంచి లోపల కాలిపోతుంది. చల్లారితే మేత అరగక పులిసిపోతుంది. అంచులు వంచిన చెంచాతో, పిల్ల నోరు తెరిచి తల ఊపినప్పుడే పొయ్యాలి. నోరు తెరవకపోతే బలవంతంగా పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సుజాత ఒక్కసారికే నేర్చుకుంది. పిల్ల నోరు తెరవడానికి ఆమె ఏం చేసేదో నేను అడగలేదు. ఊహించాను.

మే నెలలో సుజాతకు జ్వరం వచ్చింది. ఆ రోజుల్లో జ్వరం అంటే ఇల్లంతా గడ్డకట్టేది. కరోనా పరీక్షకు నమూనా ఇచ్చి, ఫలితం వచ్చేదాకా గదిలోనే ఒక మూల చీర అడ్డంగా కట్టి ఆమెను అక్కడ పడుకోబెట్టారు. మేత పని లచ్చవ్వ మీద పడింది. మర్నాడు ఉదయం ఆమె నాకు వీడియో కాల్ చేసింది. మల్లేశం పాల కోసం బయటికి వెళ్లాడు.

"నోరు తెరుస్తలేదు డాక్టరమ్మా. నిన్నటి సంది గింతే. నేను నలుగురిని సాకిన. గీ పిట్టెడంత పిల్ల నన్ను సతాయిస్తంది."

సంచి చదునుగా ఉంది, చర్మం ముడతలు పడుతోంది. ఒంట్లో నీరు తగ్గుతోందని దానర్థం. సాయంత్రం దాకా ఆగేలా లేదు. ముక్కు మూలల్లో వేలితో తట్టించాను, గుడ్డతో వెచ్చబెట్టించాను. తల వాల్చేసింది. చివరికి అన్నాను, "ఆ పిల్ల ఈల వింటేనే నోరు తెరవడం అలవాటు చేసుకున్నట్టుంది."

లచ్చవ్వ లేచి పంజరం దగ్గరికి వెళ్లింది. "రాజా, ఈలెయ్ బిడ్డా. ఒక్కపారి." రాజా తల గోకించుకోవడానికి మెడ వంచాడు. ఆమె ఇంకోసారి బతిమాలింది. రాజా కీచుమన్నాడు.

అప్పుడు చీర వెనక నుంచి ఈల వచ్చింది. మధ్యలో దగ్గుతో తెగింది, మళ్లీ అందుకుంది. లచ్చవ్వ ఒళ్లో ఉన్న పిల్ల తల లేపి, నోరు తెరిచి ఊగడం మొదలుపెట్టింది.

లచ్చవ్వ చీరవైపు తిరగలేదు. నావైపూ చూడలేదు. చెంచా ముంచుకుని, "ఆపకు," అంది.

సంచి నిండేదాకా ఈల సాగింది. అంతలో మెట్ల మీద మల్లేశం చెప్పుల చప్పుడు వినిపించింది. గడపలో నిలబడి, "రాజా ఇయ్యాల మస్తు హుషారున్నడు," అన్నాడు.

"ఆ. రాజానే," అంది లచ్చవ్వ.

సుజాతకు కరోనా కాదని తేలింది. లక్ష్మి ఇంట్లోంచి వెళ్లిపోయిన దాఖలాలేమీ కనపడలేదు. లచ్చవ్వ అయితే ఎక్కడికీ వెళ్లలేదు. పైగా ఎవరైనా వస్తే రాజా ఈల గురించి కొడుకు కంటే ఎక్కువగా చెప్పసాగింది.

వర్షాలు మొదలయ్యాక, పిల్లలు సొంతంగా గింజలు తినడం నేర్చాక, కోలుకున్న హస్ముఖ్‌భాయ్‌ని నేనే లింబాయత్ తీసుకెళ్లాను. చిక్కిపోయాడు గాని చూపు పదును తగ్గలేదు. పంజరం ముందు నిలబడి రాజాను, ఆ తోకను చూశాడు. నోరు తెరిచాడు. సుజాత చాయ్ కప్పుతో అక్కడే ఆగిపోయింది. లచ్చవ్వ మాస్కు పైనుంచి ఆయనను సూటిగా చూసింది. నేను గోడవైపు చూశాను. జీవితమంతా దళారీగా బతికిన మనిషికి ఎప్పుడు మాట మింగాలో ఒకరు చెప్పక్కర్లేదు. "ఇలాంటి మగపక్షిని నేను నా అనుభవంలో చూడలేదు," అన్నాడు హిందీలో. మల్లేశం ముఖం వెలిగిపోయింది. ఆయన మూడు పిల్లలను తీసుకుని, నాలుగోదాన్ని ఆ ఇంట్లోనే ఉంచేశాడు.

మగ్గాలు మళ్లీ నడిచాక, ఒకరోజు మల్లేశం ఫోన్ చేశాడు. రాజాకు రెండో పెళ్లి చేయాలన్న ఆలోచన అతనికి ఇంకా పోలేదు. "డాక్టరమ్మా, సక్కగ చెప్పుండ్రి. ఇంకో ఆడపిట్టను తెస్తె రాజాకు పిల్లలైతరా?"

సూటిగా అడిగాడు. "అవ్వరు," అన్నాను. "ఆడపిట్టను తెస్తే మూడు ఆడపిట్టలవుతాయి. మగదాన్ని తెండి."

మల్లేశం ఫోను పక్కకు పెట్టి అడగడం వినిపించింది. "అమ్మా, నీకెరుకనా?"

"నువ్వడిగినవా?" అంది లచ్చవ్వ.

"మరి ఈల?"

దానికి ఆ ఇంట్లో ఎవరు ఏం జవాబిచ్చారో నాకు తెలియదు, ఫోను కట్ అయింది. తరువాతి ఏడాది, నేను పదవి దిగేలోపే, వాళ్లు ఒక మగ కాకటీల్‌ను తెచ్చుకున్నారు. ఈసారి కొనే ముందే తోక ఫోటో పంపి నన్ను అడిగారు. రాజా పేరు మార్చలేదు. రాషన్ కార్డులో ఎక్కించింది కాదు కదా, ఉండనీ అన్నాడట మల్లేశం.

మా వృత్తిలో యజమాని చెప్పేది మొదట వినాలని నేర్పుతారు. అది నిజమే. కాని యజమాని మగపక్షి అన్నాడంటే మనకు తెలిసేది అతను అలా అనుకుంటున్నాడని మాత్రమే. జతకు పిల్లలు కావడం లేదంటే, గుడ్లు పెట్టేదాన్ని తప్పుపట్టే ముందు రెండింటి తోకలూ విప్పి చూడాలి. చూసింది ఎప్పుడు చెప్పాలన్నది వేరే విద్య, దాన్ని కళాశాలలో చెప్పరు. నా కుర్చీలోకి వచ్చిన డాక్టరుకు మందుల బీరువా తాళాలు ఇస్తూ ఇదే చెప్పాను. ఆమె రెండో సగాన్ని మాత్రం నమ్మలేదు. ఇంకా చిన్నది, పక్షుల కేసులు కొన్ని చూస్తే ఆమెకే తెలుస్తుంది.