నుదురు చూసే మావయ్య

మా మావయ్యకు ఒక జబ్బుంది. కనిపించిన ప్రతి మనిషి నుదుటిమీదా అరచెయ్యి వేసి జ్వరముందేమో చూస్తారు. మలేరియా టీకా తయారుచేసే డాక్టరు గనక కొంత సరిపెట్టుకోవచ్చు. కానీ ఉత్తరాలిచ్చిపోయే మనిషినీ, దారి అడిగిన పెద్దమనిషినీ కూడా వదలకపోతే ఎలా?

ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారిణి గుమ్మంలో ఉండగానే చెయ్యి వేసేశారు.

"ఏంటండీ ఇది?"

"ఏం లేదు, చల్లగానే ఉంది. లోపలికి రండి."

"నన్ను మొట్టమొదట చూసినప్పుడు 'తొంభై తొమ్మిది' అన్నారే! నా అందానికి మార్కులేమో అనుకుని మురిసిపోయా" అంటుంది అత్తయ్య.

ఆయన దగ్గర నా ఉద్యోగం దోమల్ని కోయడం. మలేరియా క్రిములున్న దోమల్ని ఎక్స్‌రే లాంటి కిరణాల కింద పెడతాం. క్రిములు చావవు గానీ వాటి చేవ చచ్చిపోతుంది. దోమ లాలాజల గ్రంథుల్లోంచి వాటిని తీసి, ప్రాణాలతోనే మనుషులకు ఎక్కిస్తాం. శరీరం వాటిమీద పోరాటం నేర్చుకోవాలని ఆశ.

ఒక ఏడాది టీకా పరీక్షకి తమంతట తాము ముందుకొచ్చినవాళ్ళలో సగం మందికి టీకా, సగం మందికి ఉప్పునీళ్ళు ఎక్కించాం. ఎవరికేదో మాకూ తెలియదు. తరువాత నిజమైన మలేరియా దోమలతో కుట్టించి, అందరినీ మా వసతిగృహంలోనే ఉంచాం. జ్వరం ఎవరిది వాళ్ళే చూసుకుని రాసివ్వాలి.

పదో రోజు భోజనాల వరుసలో మావయ్య వంటాయన నుదురు చూశారు. నాది చూశారు. నా వెనక, పరీక్షకి వచ్చినవాళ్ళలో ఒకతె అయిన నర్సింగు విద్యార్థినిది చూసి, చెయ్యి తీయలేదు.

"ఎప్పట్నుంచమ్మా?"

"పొద్దుట్నుంచి సార్."

"మరి లేదని రాశావే?"

ఆ అమ్మాయి తల వంచుకుంది. "నాకు జ్వరమొస్తే మీ టీకా ఓడిపోతుంది కదండీ. ఇన్నేళ్ళు కష్టపడ్డారు."

"టీకా ఓడితే ఇంకోటి చేసుకుంటాం. నిన్ను మళ్ళీ ఎక్కడ చేయమంటావు? పద!"

గంటలో రక్తపరీక్ష, ఆ వెంటనే మాత్రలు. నాలుగో రోజుకి లేచి తిరిగింది.

"పరీక్షకి వచ్చినవాళ్ళ నుదురు చూడండి, సరే. ఊరందరిదీ ఎందుకు మావయ్యా?" అన్నాను.

"వాళ్ళొక్కళ్ళదే చూస్తే బెదిరిపోతారే. ఈయనకి పిచ్చి, అందర్నీ ఇంతే అనుకుంటే నిశ్చింతగా ఉంటారు."

"అందుకని తనిఖీ ఆవిడని కూడానా?"

"వేషం కట్టాక సగంలో తీసేస్తామా?"

నెల తరువాత, ఎవరికేది ఎక్కించారో రాసిపెట్టిన జాబితా విప్పారు. టీకా పడినవాళ్ళలో చాలామందికి జ్వరమే రాలేదు. ఓడినా పరవాలేదన్న పెద్దమనిషి ఆ కాగితం పట్టుకుని నడవా పొడుగునా గంతులేశారు. తరువాత ఆయాసపడుతూనే ఆ అమ్మాయికి ఫోన్ చేశారు.

"అమ్మాయ్, నీకెక్కించింది ఉత్త ఉప్పునీళ్ళే! నువ్వు కాపాడదామనుకున్న టీకా అసలు నీ ఒంట్లోనే లేదు!"

అవతలి నవ్వు గదిలో ఉన్న మాకందరికీ వినిపించింది.