రెండు గంటల మందు

నమ్మరని తెలుసు. అయినా చెబుతాను. నా కళ్ళ మీద ఒట్టు... ఒక్క ముక్క కల్పించలేదు.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులు. సికింద్రాబాద్‌లో, అల్వాల్ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో నేను నైట్ నర్సుని. మేడ మీద గదిలో రూతమ్మ టీచర్ ఉండేది. వెన్నెముకకు క్యాన్సర్. ఇక ఆసుపత్రుల చుట్టూ తిప్పొద్దు, నొప్పి లేకుండా చూడండి చాలు అన్నారు డాక్టరుగారు. నాలుగు గంటలకోసారి మార్ఫిన్ మందు. ఒక్కసారి ఆలస్యమైతే పాపం, దుప్పటి అంచు కొరుక్కునేది. "నొప్పి రానివ్వను టీచర్" అని మాటిచ్చాను.

మే నెల. ఒకటే ఉక్క. రాత్రి రెండింటికి మందు ఇవ్వాలి. కింద వరండాలో కుర్చీలో కూర్చున్నాను... అంతే. మెలకువ వచ్చేసరికి మూడూ ఇరవై.

మెట్లెక్కి పరుగెత్తాను. తలుపు తోశాను. ఫ్యాను... కిర్రు... కిర్రు. మూలుగు లేదు.

టీచర్ గోడవైపు తిరిగి ఉంది.

తనంతట తాను కదలలేని మనిషి. పదింటికి నేనే కిటికీవైపు తిప్పి పడుకోబెట్టాను. ఇప్పుడు వీపు వెనక దిండు... మోకాళ్ళ మధ్య మడతపెట్టిన తువ్వాలు... అచ్చం నేను పెట్టేటట్టే. బల్ల మీద చెంచా. ముట్టుకున్నాను... తడి.

మందుల బీరువాకు తాళం వేసే ఉంది. తాళంచెవి నా యాప్రాన్‌కే ఉంది.

"టీచర్... మందు..." అన్నాను.

"ఇందాకే ఇచ్చి వెళ్ళావు కదమ్మా" అంది, కళ్ళు తెరవకుండానే. నా వేళ్ళు తడిమింది. "అప్పుడు మంచులా ఉన్నాయి నీ చేతులు. ఇప్పుడు వెచ్చబడ్డాయే."

కిందికి వెళ్ళి ఆయా లక్ష్మిని లేపి, టీచర్‌కి మందు నువ్వు ఇచ్చావా అని అడిగాను.

"నేనెందుకు పోత సిస్టర్? తాళంచెవి నీ తాననే ఉండె గద."

ఇప్పుడు ఇవ్వనా, మాననా? ఇచ్చిన మందే మళ్ళీ ఇస్తే ఊపిరి ఆగిపోవచ్చు. మానేస్తే నొప్పి. బీరువా తెరిచి సీసా పైకెత్తి చూశాను. పదింటికి ఎంత ఉందో గమనిస్తే కదా... నా మీద నాకే అసహ్యమేసింది.

ఇవ్వలేదు. మంచం పక్కనే కూర్చుని ఆవిడ ఊపిరి లెక్కపెట్టాను. నాలుగైంది... ఐదైంది... బొల్లారం వైపు రైలు కూసింది. నొప్పి రాలేదు. ఆరింటికి కళ్ళు తెరిచి, మంచినీళ్ళు అడిగింది.

నిద్రలో నేనే లేచి వెళ్ళానా? ఏమో... వెళ్తే, ఆ ఉక్కలో నా చేతులు ఎందుకు చల్లబడ్డాయి?

ఇప్పటికీ డ్యూటీలో కునుకుపట్టి లేస్తే, ముందు నా చేతులు చెంపకు ఆనించి చూసుకుంటాను. ఒక్కోసారి చల్లగానే ఉంటాయి... అప్పుడు మేడ మెట్లెక్కాలంటే భయమేస్తుంది.