రెండు పొయ్యిల ఇల్లు

మా సర్వే బృందంలో ఆమెను అందరూ నిన్నక్క అంటారు. ఎవరి గుమ్మం ఎక్కినా ఆమె నోట మొదట వచ్చే మాట "నిన్న". "మీరేమైనా పని చేస్తారా?" అని నేనడిగితే ఆడవాళ్ళు "ఏం లేదమ్మా, ఇంట్లో ఖాళీగానే ఉంటా" అంటారు. అదే మనిషిని నిన్నక్క "నిన్న పొద్దున లేచాక ఏం చేశావు తల్లీ?" అని అడుగుతుంది. అప్పుడు గేదెలు, ఇంటింటికీ పోసే పాలు, కుట్టుమిషను ఒక్కొక్కటే బయటికొస్తాయి. నాకు ఒళ్ళు మండిపోతుంది. నాతో ఎందుకు చెప్పలేదంటే, "నువ్వడగలేదుగా" అని నవ్వుతారు.

నిన్నక్క చాలా ఏళ్ళు ఒక బడిలో పిల్లలకు వండిపెట్టింది. ఆ బడి మూతపడ్డాక ఈ పనిలో చేరింది. ట్యాబ్‌ని గరిటె పట్టుకున్నట్టు పట్టుకుంటావని మేం ఆటపట్టిస్తే, మాతో పాటు తనూ నవ్వేది. పొయ్యి మీద పాలు కనబడితే మాత్రం అవి దించేదాకా ప్రశ్న మొదలుపెట్టదు. ఇంట్లోనూ ఇదే వరస. "పరీక్ష ఎలా రాస్తావని అడగమ్మా, నిన్న ఎంతసేపు చదివావంటే నేనేం చెప్పను?" అని కూతురు తల పట్టుకుంటుంది. టైర్ల దుకాణంలో పనిచేసే భర్తయితే, ఎక్కడికెళ్ళొచ్చాడో ఆవిడ అడక్కముందే పూసగుచ్చినట్టు చెప్పేస్తాడు.

మొన్నటి సర్వేలో మేమిద్దరం జంటగా తిరిగాం. రంపపు మిల్లు వెనక సందులో ఒక వడ్రంగి ఇంటికి వెళ్ళాం. రెండు గదులు, మధ్యలో దుప్పటి తెర. ముందు గదిలో వడ్రంగి, అతని భార్య. వెనక గదిలో అతని తల్లి. మా మాటలు వినగానే ఆ పెద్దావిడ తెర వెనక నుంచే కేకేసింది.

"అమ్మాయ్, నాది వేరే కుటుంబం. నాకు వేరే పొయ్యి ఉంది. నన్ను విడిగా రాసుకోండి."

మా లెక్కలో గోడలతో, చుట్టరికంతో పని లేదు. ఒకే వంట తినేవాళ్ళంతా ఒక కుటుంబం. పొయ్యిలు రెండయితే కుటుంబాలూ రెండు. ఏడాది కిందట నీళ్ళ బిందె దగ్గర అత్తాకోడళ్ళకు మాటా మాటా పెరిగి, పెద్దావిడ వేరే పొయ్యి పెట్టుకుందట. విడిగా రాయించుకోవడానికి ఆవిడకు ఇంకో కారణం కూడా ఉంది. అది తనే చెప్పింది.

"చిన్నప్పుడు మా నాన్న పేరు కింద రాశారు. పెళ్ళయ్యాక ఆయన కింద. ఆయన పోయాక నా కొడుకు కింద. పోయేలోపు ఒక్కసారైనా నా పేరు పైన ఉండాలి. నా ఇంటికి నేనే పెద్దనని రాయండి."

ఆ మాటకు నా మనసు కరిగింది. పైగా ఎండ మాడ్చేస్తోంది, ఇంకా సగం సందు మిగిలి ఉంది.

"రెండు రాసేద్దాం అక్కా, మన సొమ్మేం పోయింది?" అన్నాను.

"ఉండవే" అని నిన్నక్క వెనక గదిలోకి వెళ్ళి పెద్దావిడ పక్కన చతికిలబడింది. నేనూ వెనకే వెళ్ళాను. పొయ్యి ఉన్న మాట నిజమే. దాని మీద అద్దం, దువ్వెన, నూనె సీసా పొందిగ్గా సర్ది ఉన్నాయి.

"పెద్దమ్మా, నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారు?"

"సొరకాయ కూర."

"మీరే వండారా?"

పెద్దావిడ వణుకుతున్న చేతుల్ని చీర కొంగులో దాచుకుంది. "నిన్న ఒంట్లో బాగాలేదు. మావాడు హోటల్ నుంచి డబ్బాలో తెచ్చాడు. తిండా అది? ఉప్పే లేదు."

"ఉప్పు సరిగ్గానే వేశాను" అంది కోడలు తెర అవతల నుంచి.

నేను తెర సందులోంచి అటు చూశాను. వడ్రంగి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. కోడలు నాలుక కరుచుకుంది. ఆ డబ్బా ఎక్కడిదో పెద్దావిడకు మొదట్నుంచీ తెలుసని ఆవిడ ముఖమే చెబుతోంది. అంటే ఏడాదిగా కోడలు వండుతోంది, కొడుకు హోటల్ పేరు చెప్పి మోస్తున్నాడు, అత్తగారు వంక పెట్టి మరీ డబ్బా ఖాళీ చేస్తోంది.

"అయితే మళ్ళీ వాడి కిందే రాస్తావన్నమాట" అంది పెద్దావిడ. గొంతులో ఇందాకటి జోరు లేదు. నాకు నిన్నక్క మీద నిజంగానే కోపం వచ్చింది. అడక్కపోతే ఏం కొంప మునిగేది?

నిన్నక్క తెర పక్కకు లాగింది. ఇప్పుడు ఇంట్లోవాళ్ళు ముగ్గురూ ఒకరికొకరు కనబడుతున్నారు.

"కుటుంబం ఒకటే. మరి ఈ ఇంటికి పెద్ద ఎవరు?"

మామూలుగా ఈ ప్రశ్న మేమెవరం అడగం. గుమ్మంలో సంపాదించే మగమనిషి కనిపిస్తే ట్యాబ్‌లో అతని పేరు టైపు చేసుకుని ముందుకు పోతాం. ఇంట్లోవాళ్ళు ఎవరిని చెబితే వాళ్ళే పెద్ద అని శిక్షణలో చెప్పారు. ఆ సంగతి నేనెప్పుడో మరిచిపోయాను.

వడ్రంగి గొంతు సవరించుకున్నాడు. అతను నోరు తెరిచేలోపే భార్య అందుకుంది.

"అత్తయ్యే. ఈయన చెప్పులు కొనుక్కోవాలన్నా ఆవిడనే అడుగుతారు. వేరే పొయ్యి పెట్టుకున్నారన్న మాటే గానీ, ఈ ఇంటిని తెర వెనక నుంచి నడిపేది ఆవిడే. ఆవిడ పేరే పైన రాయండి."

"అవునండీ, అమ్మే" అన్నాడు వడ్రంగి, పెద్ద బరువు దించుకున్నవాడిలా.

నిన్నక్క మొదటి గడిలో పెద్దావిడ పేరు టైపు చేసి పైకి చదివింది. పెద్దావిడ ఇంకోసారి చదవమంది. చదివింది. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నా ఇందాకటి కోపం ఎటు పోయిందో తెలియదు.

కాసేపటికి పెద్దావిడ కోడలి వైపు తిరిగింది.

"ఇంటి పెద్దకి చల్లారిన కూర పంపుతారా ఎవరైనా?"

"డబ్బాలో పెడితే చల్లారక ఏమవుతుంది అత్తయ్యా? ఇటొచ్చి కూర్చోండి, వేడిగా పెడతాను."

పెద్దావిడ గోడ పట్టుకుని మెల్లగా లేచి, ముందు గదిలోకి వెళ్ళి కోడలి పక్కన కూర్చుంది.