తగిరిస గింజల ప్రసాదం

వయ్యారిభామ అని ఆ మొక్కకు పేరు పెట్టినవాడు నా కంటపడితే నాలుగు దులిపేస్తాను. వయ్యారం సంగతేమో గాని, వాన పడిందంటే చాలు, మా ఇంటి ముందు నుంచి వడమాలపేట దాకా రోడ్డుకు రెండు పక్కలా నడుమెత్తు మొలిచి, తెల్లగా పూసి, మా అత్త గొంతు పట్టుకునేది. పీకితే చేతులకు దద్దుర్లు. పీకిన చోటే మళ్లీ మొలకలు. అత్తకు ఆయాసం ముదరడం, డాక్టరు ఈ గాలికి దూరంగా ఉంచమనడం, చిత్తూరు నుంచి నా ఆడబిడ్డ వచ్చి వాళ్లమ్మను తీసుకుపోవడం ఏటా జరిగేదే. అక్కడ వాళ్లిల్లు మూడో అంతస్తులో. పగలంతా మాట్లాడే మనిషి ఉండదు.

ఒక ఏడు తిరిగొచ్చాక అత్త చెప్పింది. "ఈసారి పోతే ఆన్నే ఉంచేసుకుంటుందంట మే. నన్ను పంపించొద్దు."

మేమిద్దరం రోజుకు రెండు పూటలా పోట్లాడుకునేవాళ్లం. అయినా ఆ మాటకు నాకు అన్నం సయించలేదు.

మోరీ పక్కన తగిరిస దట్టంగా ఉన్న చోట వయ్యారిభామ తల ఎత్తడం లేదని మొదట కనిపెట్టింది నేను. తానే కనిపెట్టానని అత్త ఇప్పటికీ ఊరంతా చెబుతుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు గదా. తగిరిస మన నేల మొక్కే, లేతాకు పప్పులో వేసుకుంటాం. ఎండుకాయలు దులిపి గింజలు పోగేశాం. కానీ అంత రోడ్డు పొడుగునా చల్లేదెవరు? నావి అరిగిపోయిన మోకాళ్లు. మా ఆయన్ని అడిగితే "రోడ్డు గవర్నమెంటుది, మనకెందుకు" అని పేపరు తిరగేశాడు.

అంతలో అరవవాళ్ల పెరటాసి నెల వచ్చింది. పసుపుబట్టలు కట్టుకుని తిరుపతి కొండకు నడిచిపోయే అరవదేశపు భక్తులకు మేం ఇంటి ముందు మజ్జిగ పోస్తాం. వాళ్లను చూడగానే అత్తకు ఉపాయం తట్టింది. "గింజలు మనవి, కాళ్లు వాళ్లవి" అంది.

మొదటి గుంపు వచ్చింది. అత్త గ్లాసు మజ్జిగతో పాటు ఒక్కొక్కరి చేతిలో పిడికెడు గింజలు పోసింది. ఏం చేయాలో చెప్పేలోపే ముందున్న పెద్దమనిషి వాటిని కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. వెనకున్నవాళ్లంతా అదే పని చేశారు. కొండ దారిలో చేతిలో పడింది ఏదైనా ప్రసాదమే మరి. నమల్లేక, ఉమ్మలేక వాళ్ల ముఖాలు చూడాలి.

"ఇదేం ప్రసాదం అవ్వా?" అన్నాడాయన.

"పైత్యానికి మంచిది నాయనా" అంది అత్త, రెప్ప వేయకుండా. నేను నవ్వాపుకోలేక లోపలికి పారిపోయాను.

మరునాడు గింజల్ని పేడలో కలిపి ఉండలు చేశాం. పేడ ఎవరూ తినరని మా ధైర్యం. తినలేదు గాని, కళ్లకద్దుకుని భద్రంగా సంచుల్లో పెట్టుకున్నారు. ఇక లాభం లేదని అత్త గొంతు పెంచింది.

"దారెమ్మడి ఆ పచ్చచెత్త మొలిసిన తావల్లా ఒకటొకటి ఇసురుకుంటా పోండప్పా. కొండెక్కేటప్పుడు కాళ్లు నొయ్యవు."

గోవింద కొడుతూ విసురుకుంటూ పోయారు. నాకు భయమేసి, దేవుడి పేరు చెప్పి అబద్ధమాడతావా అని అడిగాను.

"నేనేమన్నా దేవుని పేరు చెప్పినానా? కాళ్ల పేరు చెప్పినా" అంది.

మరుసటేడు వానలకు తగిరిస మోకాలెత్తు లేచింది. బస్టాపు కప్పు మీద కూడా ఒక మొక్క మొలిచింది, ఎవరో బలంగానే విసిరినట్టున్నారు. వయ్యారిభామ అక్కడొకటి ఇక్కడొకటి బిక్కుబిక్కుమంటూ నిలబడింది. అత్తకు దగ్గు రాలేదు.

అలవాటు ప్రకారం ఆడబిడ్డ సంచీ పట్టుకుని దిగింది. అమ్మ మాట నమ్మలేదు. "ఆయాసం దాసిపెట్టుకోని ఈడ ఉండాలని సూస్తాండావు" అని నిలదీసింది.

"నా ఊపిరి ఎట్లుండాదో సూడు" అని అత్త అరుగు మీద సర్దుకుని కూర్చుంది. నేను కాపురానికొచ్చిన నాటి నుంచి చేసిన తప్పులన్నీ, మాడిన పప్పు దగ్గర్నుంచి మా పుట్టింటివాళ్లు పెట్టని చీర దాకా, ఎక్కడా ఆగకుండా, దగ్గకుండా ఏకరువు పెట్టింది. ఆడబిడ్డ అంతా విని, ఖాళీ సంచీ చంకన పెట్టుకుని చిత్తూరు బస్సెక్కింది.

నాకు కోపం రావాల్సింది. కళ్లలో నీళ్లొచ్చాయి.

"ఇంకా ఏమన్నా మిగిలుంటే చెప్పత్తా" అన్నాను.