వీరేందర్ లాప్‌టాప్‌లో పట్టిన లారీ

పట్టని ఆటను పట్టించడం. మా వీరేందర్‌కు ఉన్న పిచ్చి ఇదొక్కటే. కొత్త ఆట ఏదైనా వచ్చిందంటే, దానికి ఎంత పెద్ద కంప్యూటర్ కావాలో చదివి, సంతోషంగా చేతులు రుద్దుకుని, తన ముసలి లాప్‌టాప్ తెరిచేవాడు. అది కాలేజీ రోజుల నాటిది. చార్జర్ పీకితే ప్రాణం పోతుంది. సూర్యాపేటలో మేమిద్దరం ఒకే గదిలో కిరాయికి ఉంటున్నాం కాబట్టి, ఈ సంసారమంతా నా కళ్ల ముందే నడిచింది.

"అన్నా, గీ యుద్ధం ఆటకు నూటయాభై జీబీ కావాల్నంట," అన్నాడొకసారి.

"నీ దాంట్ల ఎంతుంది?"

"అంతా కలిపి నూటిరవై. జర సర్దాలె."

సర్దడమంటే తీసెయ్యడం. సినిమాలు తీసేశాడు, పాటలు తీసేశాడు. అయినా చాలక ఆటలోని మాటలు కూడా తీసేశాడు. సేనాధిపతి గంభీరంగా పెదవులు కదిపేవాడు. ఏమన్నాడో వీరేందరే చెప్పాలి.

"ఏమంటున్నడు రా?"

"పోయి బ్రిడ్జి పేల్చమంటున్నడు."

"నీకెట్ల తెలుసు?"

"చేతిల బాంబు పెట్టిండు కదన్నా, మిర్చి బజ్జీలు తెమ్మంటడా?"

తర్వాత బొమ్మల పని పట్టాడు. నీడలు పోయాయి, గడ్డి పోయింది, చివరికి సైనికుల ముఖాలు నున్నగా ఇడ్లీల్లా తయారయ్యాయి. మిర్యాలగూడ నుంచి వచ్చిన మా చెల్లెలు సింధూజ తెర వంక చూసి హడలిపోయింది.

"అన్నా, వీళ్లకు ముక్కులు లేవేంది?"

"ముక్కులుంటే హ్యాంగ్ అయితది చెల్లె," అన్నాడు వీరేందర్ మర్యాదగా.

ఎండాకాలం మా గదిలో ఉన్న ఒక్క కూలర్ లాప్‌టాప్ వైపే తిరిగి ఉండేది. నేను తడి తువ్వాలు కప్పుకుని పడుకునేవాణ్ని.

"నేను గూడ మనిషినే రా!"

"నువ్వు వేడెక్కితే ఆగిపోవు కదన్నా."

ఇలా ఏడాది కష్టపడి ఆఖరి కోట తలుపు దాకా చేరుకున్నాడు. అది గెలిస్తే తను పనిచేసే మొబైల్ షాపులో అందరికీ స్వీట్లు పంచుతానన్నాడు. మర్నాడు సాయంత్రం నేను గదికి వచ్చేసరికి యుద్ధం ఆట మొత్తం మాయమైంది. దాని జాగాలో లారీ నడిపే ఆట ఎక్కుతోంది.

"కోట గెలిచినవా?"

"లేదన్నా, తీసేసిన. రెండిటికి జాగ సాలలే."

లారీ మీద అంత మోజు ఎప్పుడు పుట్టిందో నాకు అర్థం కాలేదు. పైగా అప్పటినుంచి ప్రతి ఆదివారం లాప్‌టాప్ వీపున కట్టుకుని, బండి మీద పెన్‌పహాడ్ దగ్గరున్న తన తండాకు పోవడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే, "దానికి పల్లె గాలి పడ్తది," అనేవాడు. ఎవరో అమ్మాయి ఉందనుకుని, ఒక ఆదివారం నేనూ బండెక్కాను.

అమ్మాయి లేదు. మంచం మీద మీసాలున్న ఒకాయన కూర్చున్నాడు. వీరేందర్ మేనమామ ధర్మా. వాడపల్లి సిమెంటును కోదాడ దాకా, ఇంకా ఎక్కడెక్కడికో మోసిన లారీ డ్రైవర్. గుండె ఆపరేషన్ తర్వాత స్టీరింగ్ ముట్టొద్దన్నారు డాక్టర్లు.

"గప్పటిసంది రోడ్డు దిక్కు సూసుకుంట కూసునుడే బిడ్డా. మాట లేదు, ముచ్చట లేదు," అని ఆయన భార్య రుక్మాబాయి నా చెవిలో చెప్పింది. "ఈ పోరడు డబ్బ తెచ్చినంకనే నోరు లేచింది. ఇప్పుడు ఆగుతలేడు."

నిజంగానే ఆగడం లేదు. ముందు పెట్టిన లాప్‌టాప్‌లో లారీ నడుపుతూ ఒకటే ప్రశ్నలు.

"అల్లుడూ, రోడ్డు పక్కన చెట్లేవి?"

"తీసేసిన మామా. చెట్లుంటే బండి కదలదు."

"ముందు పోయే కారుకు చక్రాలు?"

"అవి గూడ."

ధర్మా మీసం దువ్వుకున్నాడు. "మంచిదే. పంచర్ బాధ లేదు."

లాప్‌టాప్ ఫ్యాన్ బుసలు కొడుతోంది. వీరేందర్ పక్కన కూర్చుని అట్టముక్కతో దానికి విసురుతున్నాడు.

"కోట ఇడిసిపెట్టింది ఇందుకని నాకెందుకు చెప్పలే?" అన్నాను మెల్లగా.

"చెప్తే నువ్వు ఏడుస్తవు. కీబోర్డు మీద నీళ్లు పడితే ఖతం."

ఇంతలో లారీ గోదాము చేరింది. వెనక్కి పెట్టాలి. ధర్మా మీట మీదినుంచి వేలు తీసేశాడు.

"క్లీనర్ లేకుండ రివర్స్ ఎట్ల కొడ్తరు? రుక్మా, ఎనకకు పో!"

రుక్మాబాయి గొణుక్కుంటూనే చేతులు కొంగుకు తుడుచుకుని, లాప్‌టాప్ వెనక నేను కూర్చున్న దగ్గరికి వచ్చి నిలబడింది. అక్కడినుంచి ఆమెకు కనిపించేది మొగుడి మీసాలే. అయినా చెయ్యెత్తి, "రానియ్... రానియ్..." అంది.

ఉన్నట్టుండి ఆపి, నా జబ్బ పట్టి పక్కకు లాగింది.

"జరుగు బిడ్డా, బండి ఎనక కూసుంటరా ఎవలన్న?"

నేను గబగబా జరిగాను.