ఎస్తేరమ్మ గారి గుడారాలు

మొన్న పొద్దున మా నర్సరీ ముందు ఆగిన లారీ మీద నుంచి కూలీలు టార్పాలిన్ కిందికి లాగారు. వానలో తడిసి, ఆరకుండానే మడతపెట్టి ఉంచిన పట్టా అది. విప్పేసరికి ముక్కిపోయిన వాసన గుప్పుమంది. పక్కనున్నవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం దగ్గరకు వెళ్ళి గుండెల నిండా పీల్చుకున్నాను. లారీ డ్రైవరు నన్ను వింతగా చూశాడు. కడియంలో ఎటు తిరిగినా పూలే, ఈవిడకు తడి పట్టా వాసన కావలసి వచ్చిందేమిటా అనుకుని ఉంటాడు. ఆ వాసనలో నాకు అడవి మధ్య చిన్న చెరువు, దాని ఒడ్డున నీళ్ళు కారుతున్న గుడారాలు, వాటి మధ్య కుచ్చిళ్ళు పైకి దోపుకుని నిలబడ్డ ఎస్తేరమ్మ గారు కనబడ్డారు.

ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఆ లారీ రావడానికి ముందు రోజే మా సంఘ పెద్ద దానియేలు గారు పాలకొల్లు నుంచి ఫోన్ చేశారు. "ఈ ఏడు ఆడపిల్లల క్యాంపు ఆపేద్దామనుకుంటున్నామమ్మా సునీతా. టీచర్ గారే లేరు, ఇంక అడివికి ఎవరు తీసుకెళ్తారు? చర్చి హాల్లో మూడ్రోజులు మీటింగులు పెట్టేస్తే సరిపోద్ది" అన్నారు. నేను ఔననలేదు, కాదనలేదు, చూద్దామండి అని పెట్టేశాను. పెట్టేసినప్పటి నుంచి నా మీద నాకే ఒళ్ళు మండుతోంది. పెళ్ళయి కడియం వచ్చాక కూడా ఏటా వెళ్ళి ఆవిడ పక్కన నిలబడి పనిచేసినదాన్ని నేను. క్యాంపు ఎవరు నడుపుతారని అడిగితే నేల చూపులు చూడడానికా ఆవిడ నన్ను పెంచింది?

ఎస్తేరమ్మ గారు పాలకొల్లులో మా బడికి డ్రిల్లు టీచరు. పొడుగ్గా, ఎండకు కమిలిన మొహంతో ఉండేవారు. నేత చీర కింద కాన్వాసు బూట్లు వేసుకుని బజారుకైనా, చర్చికైనా అలాగే వచ్చేసేవారు. వెనక నవ్వుకునేవాళ్ళకు కొదవలేదు, ఆవిడకు పట్టింపూ లేదు. బడిలో మూలన పడేసిన పాత స్కౌటు గుడారాలను అడిగి తెచ్చుకుని, ఇంటి అరుగు మీద కూర్చుని దబ్బనంతో వాటి చిరుగులు కుట్టారు. మా సండే స్కూలు ఆడపిల్లలను ఏడాదికోసారి జంగారెడ్డిగూడెం అవతల అడవిలో ఉన్న చెరువు దగ్గరకు తీసుకెళ్ళాలని ఆవిడ పట్టుదల. అక్కడ అటవీశాఖ వాళ్ళు చదును చేసిన కాస్త జాగా, ఒక బోరింగు, రేకుల షెడ్డు, మరుగుదొడ్లు ఉండేవి. అంతకు మించి ఏమీ లేదు. ఆవిడకు నచ్చిందీ అదే.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మొదటిసారి వెళ్ళాను. బయలుదేరే ముందు తల్లిదండ్రులనందరినీ చర్చి ఆవరణలో కూర్చోబెట్టారు. మా అమ్మ లేచి, "ఆడపిల్లల్ని అడివిలో పడుకోబెడతారాండీ?" అని అడిగింది. "నేను పడుకోబెట్టనండి, అలసిపోయి వాళ్ళే పడుకుంటారు" అన్నారు ఎస్తేరమ్మ గారు. "వానొస్తేనండి?" "తడుస్తామండి." "తడిస్తే?" "ఆరతామండి." అందరూ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వేసింది, అంతటితో నా ప్రయాణం ఖాయమైపోయింది. దానియేలు గారు మాత్రం నవ్వలేదు. ఇస్త్రీ నలగని తెల్ల బట్టల్లో ముందు వరసలో కూర్చున్న ఆయన, "ఒక్క మాటండి టీచర్ గారూ. ఒక్క పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చినా, వచ్చే ఏటి నుంచి క్యాంపు చర్చి హాల్లోనే. ఫ్యాన్లున్నాయి, మంచినీళ్ళున్నాయి" అన్నారు. ఎస్తేరమ్మ గారు క్షణం కూడా ఆలోచించకుండా "అలాగేనండి" అన్నారు. ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు నాకే కంగారు పుట్టింది. ఎందుకంటే మా బ్యాచిలో ఏడుపుగొట్టు మొహం ఎవరిదంటే నాదే.

మా వాళ్ళు అడవికి వెళ్ళినా పాలకొల్లు మొత్తాన్ని బస్సులో వేసుకుని వెళ్తారు. గోనె సంచుల్లో బియ్యం, కొబ్బరికాయలు, కూరగాయలు, ఒక డబ్బా నిండా సున్నుండలు, ఎవరింట్లోంచో పనసకాయ కూడా ఎక్కింది. ఎక్కనిది ఒక్క మైకు సెట్టే. మైకు లేకుండా మా వైపు పుట్టినరోజు ప్రార్థన కూడా జరగదు. ఎవరో మైకు తెచ్చి బస్సు దగ్గర పెడితే ఆవిడ వెనక్కి పంపించేశారు. చెరువు దగ్గర దిగగానే మేమంతా అలవాటుగా కేకలు వేస్తుంటే, ఆవిడ మెడలోని విజిలు తీసి సంచిలో పడేసుకుని, "ఇక్కడ మనం చుట్టాలమర్రా. చుట్టాలింటికెళ్ళి అరుస్తామా?" అని మెల్లగా అడిగారు. అంతే, గొంతులు తగ్గాయి. కాసేపటికి నీళ్ళ మీద ఏదో పిట్ట మునిగి లేచిన చప్పుడు వినబడింది. కాలవల మధ్య పుట్టి పెరిగిన నాకు నీటి చప్పుడు కొత్త కాదు, కానీ మనుషుల గోల లేకుండా విన్నది అదే మొదటిసారి. కొంచెం భయమేసింది. చాలా నచ్చింది.

తరువాత గుడారాలు వేసుకోవడం. ఎవరి గుడారం వాళ్ళే వేసుకోవాలి, ఇంకొకరి దాని మీద చెయ్యి వెయ్యకూడదు అన్నది ఆవిడ నియమం. అక్కడి నేలంతా ఎర్ర గరుసు, పైన వదులు కంకర, కింద రాయిలాంటి గట్టి నేల. మేకు కొడితే గరుసులో దిగక వంకరపోయేది. మేము వరి చేల నల్లమట్టిలో పెరిగినవాళ్ళం, పుల్ల గుచ్చితే దానంతటదే దిగిపోయే నేల మాది. వెతగ్గా వెతగ్గా చెరువు పక్కనే ఒక పల్లంలో మెత్తని జాగా దొరికింది. అక్కడ మేకు చేత్తో నొక్కితే దిగింది. ప్రాణం లేచొచ్చి అందరం అక్కడే వరసగా గుడారాలు నిలబెట్టేశాం. ఎస్తేరమ్మ గారు కూడా కాలితో తొక్కి చూసి, "భేషుగ్గా ఉంది" అని తన గుడారం మా పక్కనే వేసుకున్నారు. ఆవిడ మాత్రం ఎక్కడి మనిషి? మా డెల్టా మనిషే. వెనకున్న గుట్ట మీద వాన పడితే ఆ నీళ్ళు ఎటు పోతాయో పల్లపు ఊళ్ళవాళ్ళం మాకు తట్టలేదు. మాకు తెలిసిన నీళ్ళు కాలవలో, తూము తీస్తే వచ్చేవే.

రెండో రోజు మధ్యాహ్నం వాన మొదలైంది. పడింది కాసేపే. అది వెలిశాక నవ్వుకుంటూ బయటికి వచ్చాం. అప్పుడు వచ్చాయి గుట్ట మీది నీళ్ళు, ఎర్రగా, నురగతో, సరిగ్గా మా మెత్తని జాగా మీదుగా. మేము ఇల్లు కట్టుకున్నది వాగు దారిలో అని అప్పటికి అర్థమైంది. నీళ్ళు మోకాలి దాకా కూడా రాలేదు కానీ మేకులన్నిటినీ పీకేశాయి. గుడారాలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. అందరం చేతికందినవి పట్టుకుని షెడ్డులోకి పరిగెత్తాం. నా దుప్పటి చెరువులోకి కొట్టుకుపోవడం కళ్ళారా చూశాను. మా నానమ్మ చీరలతో కుట్టిన బొంత అది. ఇక నా ఏడుపు ఎవరు ఆపగలరు?

నేను వెక్కుతుండగానే బస్సు హారను వినబడింది. క్యాంపు అయ్యేదాకా జంగారెడ్డిగూడెంలోనే ఆగి ఉన్న దానియేలు గారు వాన సంగతి తెలుసుకుని, మమ్మల్ని తీసుకెళ్ళిపోవడానికి బస్సు వేసుకుని వచ్చేశారు. పంచె ఎత్తి పట్టుకుని, బురద తప్పించుకుంటూ షెడ్డులోకి వచ్చి, కూలిన గుడారాలను చూసి, నన్ను చూశారు. "చూశారా అండీ? ఇదిగో, ఈ పిల్ల ఏడుస్తానే ఉంది. మన మాట ప్రకారం..." అన్నారు. నాకు నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. నా ఒక్కదాని మూలంగా అందరి క్యాంపు పోతోంది. ఆ ఆలోచనకు ఏడుపు ఆగకపోగా ఇంకా పెరిగింది.

ఎస్తేరమ్మ గారు తడి చీర కొంగు పిండుకుంటూ, "ఏడుస్తూ ఇంటికి రాకూడదన్నారండి. ఇక్కడ ఏడవకూడదని అనలేదుగా" అన్నారు. ఆయన నోరు తెరిచేలోగా మళ్ళీ ఆవిడే, "తప్పు నాదేనండి. నేల మెత్తగా ఉందని మోసపోయాను, పిల్లల్నీ అక్కడే వేసుకోనిచ్చాను. దాన్ని సరిచేసేదీ ఇక్కడే. చీకటి పడేలోపు గుడారాలు నిలబడకపోతే నేనే అందర్నీ బస్సెక్కిస్తాను. అందాకా టీ తాగండి" అన్నారు. మా అందరి ఎదుట ఒక పెద్ద మనిషి తప్పు నాదేనని అనడం అంతకు ముందు నేనెప్పుడూ వినలేదు. ఇంట్లో గానీ, బడిలో గానీ, చర్చిలో గానీ. ఆవిడ గొంతులో సిగ్గు లేదు, దెబ్బలాటా లేదు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెప్పేశారు.

తరువాత నా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. ఊరుకోమని అనలేదు. "ఏడుపొస్తే ఏడువు. చేతులు మాత్రం ఆపకు. పైన గరుసు మీద గుడారం ఎలా నిలబెట్టాలో నాకు తెలీట్లేదు. మేకు దిగదు. నువ్వేమన్నా చెప్తావా?" అని అడిగారు. ఎగతాళి అనుకుని తలెత్తి చూశాను. కాదు, నిజంగానే అడుగుతున్నారు. ఎక్కిళ్ళ మధ్యే, "కాలవకి గండి పడితే బస్తాలు వేస్తారు కదండీ" అన్నాను. అన్నాక ఆ బస్తాలతో ఇక్కడేం చేయాలో నాకే తెలియలేదు. ఆవిడ గబుక్కున లేచారు. "బస్తాల్లో గరుసు నింపి, తాళ్ళు బస్తాలకే కట్టేస్తే? మేకుతో పనేముంది?"

బియ్యం, కొబ్బరికాయలు కిందికి గుమ్మరించి గోనె సంచులన్నీ ఖాళీ చేశాం. మిట్ట మీద ఉన్న గరుసునే పళ్ళేలతో, గరిటెలతో, చేతులతో ఎత్తి నింపాం. ఎవరి గుడారం వాళ్ళదే అన్న నియమాన్ని ఆ పూటకు ఆవిడే పక్కన పెట్టేశారు. నేను ముక్కు చీదుకుంటూనే గరుసు ఎత్తాను. సంచి మూతి తెరిచి పట్టుకునే మనిషి లేక అది మాటిమాటికీ ముడుచుకుపోతోంది. దానియేలు గారు టీ గ్లాసు పక్కన పెట్టి కాసేపు చూశారు. "అలా కాదమ్మాయ్, మూతి మడిచి పట్టాలి" అంటూ వచ్చి, ఆ తెల్ల బట్టలతోనే గొంతుక్కూర్చుని సంచి పట్టుకున్నారు. చిన్నప్పుడు ఆయనా గండ్లు పూడ్చిన మనిషే మరి. ఇంకా వెలుగుండగానే గుడారాలన్నీ మిట్ట మీద నిలబడ్డాయి. వాటి తాళ్ళు లాగి చూసి ఆయన, "గట్టిగానే ఉన్నాయి" అన్నారు. మాతో కలిసి పనసకాయ కూర తిని, ఖాళీ బస్సులో వెళ్ళిపోయారు. చర్చి హాలు మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి చెరువు ఒడ్డున బూట్లు విప్పుకుంటుండగా ఆవిడను అడిగాను, "ఆ రోజు నన్నెందుకు అడిగారండీ? మీకే తట్టేదిగా?" అని. "తట్టేదేమో. నువ్వు ఏడుస్తున్నావు, నీకు పని కావాలి. నాకు తెలీట్లేదు, నాకు సాయం కావాలి. అంతే" అన్నారు. నేను ఇంకేదో గొప్ప మాట వస్తుందని చూశాను. ఆవిడ బూట్లలోని ఇసుక దులుపుకున్నారు. మా నర్సరీలో వరద నీళ్ళు నిలిచి మొక్కలు కుళ్ళిపోయిన ఏడాది, ఇక ఈ పని మానేద్దామని నేను మూలన కూర్చుంటే చెప్పాపెట్టకుండా వచ్చింది కూడా అదే కాన్వాసు బూట్లతో. ఓదార్పు మాట ఒక్కటీ లేదు. "బతికినవి ఏవో ఏరుదామా?" అని బురదలోకి దిగారు. దిగక నాకు తప్పింది కాదు. నేను ఇవాళ నిలబడి ఉన్నానంటే ఆవిడ అలా దిగడం వల్లే. ఈ మాట ఆవిడ బతికుండగా నేను మొహమాటం లేకుండా చెప్పాను, అదొక్కటి తృప్తి.

అందుకే మొన్న ఆ పట్టా వాసన పీల్చుకుంటూ అక్కడే నిలబడి దానియేలు గారికి ఫోన్ చేశాను. "క్యాంపు ఆపొద్దండి. నేను తీసుకెళ్తాను" అన్నాను. ఆయన పెద్దవాళ్ళయిపోయారు, ఊపిరి వినబడుతోంది. "నువ్వా? వానొస్తేనో?" అన్నారు.

"తడుస్తామండి."

అటు వైపు దగ్గో, నవ్వో తెలియలేదు. "ఏడ్చే పిల్లలుంటేనో?"

"ఉంటే మంచిదేనండి. గరుసు ఎత్తడానికి నాకు మనుషులు కావాలి."

ఈసారి నవ్వేనని తెలిసింది. "అయితే గోనె సంచులు ఎక్కువ పట్టుకెళ్ళమ్మా. నన్ను కూడా బస్సెక్కించు. వంగలేను గానీ, కుర్చీ వేస్తే సంచి మూతి పట్టుకుంటాను" అన్నారు. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వెనక షెడ్డులోకి వెళ్ళి, ఎరువు వచ్చిన గోనె సంచుల్లో చిరగనివి ఏరి, దులిపి, ఎండలో ఆరేశాను.